గుండీలున్న కాలర్

‘టేక్ ఐవీ’ని చదవడం కోసం ఎవరూ కొనరు. అది బొమ్మల పుస్తకం. 1965లో టోక్యోలో అచ్చయింది. ఫోటోలు తెరుయోషి హయషిదవి, రాతలు షోసుకె ఇషిజు, తొషియుకి కురోసు, హజిమె హసెగావాలవి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లో కుర్రాళ్ళు ఏం తొడుక్కుంటున్నారన్నదే విషయం. సైకిళ్ళ మీద, మెట్ల మీద, మెస్సుల్లో, పచ్చికలో కుర్రాళ్ళు. కెమెరా వైపు చూసేవాళ్ళు తక్కువ. ఈ పుస్తకం దొరక్క చాలా ఏళ్ళు పాత ప్రతుల కోసం కొట్టుకున్నారు, ధర వెయ్యి డాలర్లు దాటింది. 2010లో ఇంగ్లీషులో వచ్చాక అందరి చేతికీ అందింది.

నాకు ఈ పుస్తకం ఇష్టం. కానీ నమ్మను.

తీసినవాళ్ళు బట్టల వ్యాపారం వాళ్ళు కాబట్టి. షోసుకె తండ్రి కెన్సుకె ఇషిజు. ఆయన పెట్టిన వాన్ జాకెట్ కంపెనీ అమెరికన్ కాలేజీ బట్టల్ని జపాన్ కుర్రాళ్ళకి అమ్మేది. 1964లో ఆ బట్టలేసుకుని గిన్జా వీధుల్లో ఊరికే తిరిగే గుంపుకి మియుకి-జోకు అని పేరు పడింది. ఒలింపిక్స్ దగ్గర పడుతున్నాయి, ఊరి పరువు పోతుందని సెప్టెంబరులో పోలీసులు వాళ్ళని పట్టుకుపోయారు. బొత్తాలున్న కాలర్ వేసుకుంటే పోలీసులు రావడమేమిటని మనకి నవ్వొస్తుంది. కానీ ఇషిజు మనుషులకి అది పెద్ద చిక్కే. ఇవి రౌడీ బట్టలు కావు, అమెరికాలో పెద్దింటి పిల్లలు వేసుకునేవేనని రుజువు చూపాలి. ‘టేక్ ఐవీ’ ఆ రుజువు.

తీరా అమెరికా వెళ్తే ఏమైందో డబ్ల్యూ. డేవిడ్ మార్క్స్ ‘అమెటొరా’ (2015)లో చెప్తాడు. మూడు గుండీల సూట్లు కనిపిస్తాయనుకుని వెళ్ళినవాళ్ళకి సగానికి కోసేసిన నిక్కర్లూ రబ్బరు చెప్పులూ ఎదురయ్యాయి. వాళ్ళు నిరాశపడి కూర్చోలేదు, చూసిందాన్నే ఐవీ అన్నారు. నిర్లక్ష్యంగా వేసుకోవడమే అసలు పద్ధతి అని రాసుకున్నారు. ఒక కుర్రాడు బద్ధకించి సాక్సు వేసుకోకపోతే అది నియమం అయిపోయింది. నాకు ఆ రాతల్లో నచ్చేది ఈ అమాయకత్వమే, చిరాకు పుట్టించేదీ అదే. ఆ ఏడాది మార్చిలోనే అమెరికన్ మెరీన్లు దానాంగ్‌లో దిగారు. పుస్తకం నిండా సైన్యంలోకి పిలుపొచ్చే ఈడు మగపిల్లలే ఉన్నా ఆ ఊసు ఎక్కడా ఉండదు. ఆడవాళ్ళు దాదాపు లేరు. అది ఫోటోగ్రాఫర్ తప్పేం కాదు. యేల్, ప్రిన్స్‌టన్ ఆడపిల్లల్ని డిగ్రీలో చేర్చుకున్నది 1969లో, డార్ట్‌మత్ 1972లో.

ఇంతకీ ఆ బట్టల్లో ఏముంది? చూస్తే ఏమీ లేదు. ఆక్స్‌ఫర్డ్ గుడ్డ చొక్కా, దాని కాలర్ కొసలకి రెండు చిన్న గుండీలు. (మొన్న హైదరాబాద్‌లో ఒక షాపులో ‘బటన్ డౌన్’ అంటే సేల్స్ కుర్రాడు “కాలర్ బటనా సార్?” అని సరిచేశాడు. అతని పేరే బాగుంది.) 1896లో ఇంగ్లండులో పోలో ఆటగాళ్ళు కాలర్ ఎగరకుండా గుండీ పెట్టుకోవడం చూసి బ్రూక్స్ బ్రదర్స్ వాళ్ళు తెచ్చారంటారు. కోటుని శాక్ అంటారు, అంటే సంచి. నడుము దగ్గర కుట్టి బిగించరు, భుజాల్లో దూది కూరరు. అది ఒంటికి కొలిచి కుట్టిన కోటు కాదు, కొక్కేనికి వేలాడే రెడీమేడ్ కోటు. బక్కవాడికీ బొద్దువాడికీ దాదాపు ఒకేలా ఉంటుంది. ఈ బట్టలు ఇంతకాలం బతకడానికి అందరూ వంశం, డబ్బు, పాత డబ్బు అని కారణాలు చెప్తారు. నాకు మాత్రం ఈ సంచి కటింగే అసలు కారణం అనిపిస్తుంది. ఎవరి ఒంటికీ ప్రత్యేకంగా కుట్టలేదు కాబట్టి ఎవరైనా ఎత్తుకుపోవచ్చు.

ఎత్తుకుపోయారు కూడా. అసలు ‘సొంతదారులు’ అనుకునేవాళ్ళు అరవైల చివర్లో దీన్ని వదిలేసి జీన్స్‌లోకి మారిపోయారు. పట్టుకుని వేలాడింది బయటివాళ్ళే. యేల్ పిల్లలకి కోట్లు కుట్టి 1902లో జె. ప్రెస్ దుకాణం పెట్టిన జాకోబీ ప్రెస్ లాట్వియా నుంచి వలస వచ్చిన యూదు దర్జీ. పోలో పేరుతో ఈ వేషాన్ని ప్రపంచమంతా అమ్మిన రాల్ఫ్ లారెన్ బ్రాంక్స్‌లో పుట్టిన రాల్ఫ్ లిఫ్షిట్జ్. 1958లో ‘మైల్‌స్టోన్స్’ రికార్డు అట్ట మీద ఆకుపచ్చ చొక్కాలో కూర్చున్న మైల్స్ డేవిస్ ఏ ఐవీ కాలేజీలోనూ చదవలేదు. ఆ అట్టని మించి ఈ చొక్కాకి ఎవరూ ప్రచారం చేసి ఉండరు.

ఈ చివరి సంగతిని పట్టుకున్న పుస్తకం జేసన్ జూల్స్ రాసిన ‘బ్లాక్ ఐవీ’ (2021). అరవైల నల్లజాతి రచయితలు, జాజ్ వాద్యకారులు, హక్కుల ఉద్యమకారులు అవే కాలర్లు, అవే కోట్లు వేసుకున్న ఫోటోలు ఇందులో ఉంటాయి. ‘టేక్ ఐవీ’ పక్కన పెట్టి చూస్తే ఒక్క తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అది ఇస్త్రీ. హయషిద కుర్రాళ్ళు నలిగిపోయి ఉంటారు. పాతింటి కుర్రాడి కాలర్ అంచున పీచులు లేస్తే పరువు తగ్గదు, పెరుగుతుంది. అది తాత కోటో ఏమో అనుకుంటారు. వాషింగ్టన్ వీధుల్లో ఓటు హక్కు కోసం నడిచినవాడి కాలర్ చిరిగితే అది పేదరికమే అవుతుంది. అదే చొక్కా, అదే గుడ్డ. కానీ ఒకడికి అజాగ్రత్త చెల్లుతుంది, ఇంకొకడికి చెల్లదు. ఇంటర్వ్యూకి ముందు రాత్రి ఒకే చొక్కాని రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నవాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. 1913లో ఐవీ లీగ్‌లోదే అయిన కొలంబియాలో చేరిన అంబేడ్కర్ మన ఊళ్ళ కూడళ్ళలో సూటు లేకుండా ఎక్కడైనా కనిపిస్తాడా? ఆ సూటు ఈ కోవలోదని అనట్లేదు. గాంధీ చొక్కా విప్పగలిగాడు, ఆయన విప్పలేడు. పోలిక పాతదే గానీ, ‘బ్లాక్ ఐవీ’ తిరగేస్తున్నంతసేపూ నాకు అదే గుర్తొచ్చింది.

జూల్స్ పుస్తకంలో లోపం లేకపోలేదు. మరీ అందంగా ఉంది. కాఫీ టేబుల్ సైజు, నిగనిగలాడే కాగితం. పోరాటం కూడా ఫ్యాషన్ షూట్‌లా తోచే ప్రమాదం ఉంది, కొన్ని పేజీల్లో తోస్తుంది కూడా.

రెండు పుస్తకాలూ గట్టిగా పట్టించుకోని విషయం ఒకటుంది. అది మనవైపుది. ఈ ‘అచ్చ అమెరికన్’ బీరువా తెరిస్తే సగం గుడ్డలు ఇటు నుంచి వెళ్ళినవే. ఖాకీ ప్యాంటు పంజాబ్ సరిహద్దులో బ్రిటిష్ సైన్యం వేసుకున్న దుమ్ము రంగుది. అమెరికన్ సైన్యం మీదుగా, 1944 నాటి జీఐ బిల్లుతో చదువుకోవడానికొచ్చిన మాజీ సైనికుల ఒంటి మీద అది క్యాంపస్‌లోకి నడిచింది. సీర్‌సకర్ అన్న మాట పార్సీ ‘శీర్ ఓ శక్కర్’, పాలూ చక్కెరా. ఇక మద్రాస్ అంటే మన గళ్ళ లుంగీ గుడ్డే. చెన్నపట్నం పేరు మీద ఆ గళ్ళ నేత దేశదేశాలకీ వెళ్ళింది. మన చీరాల వైపు మగ్గాల మీద నేసిన గళ్ళ రుమాళ్ళు ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ పేరుతో నైజీరియాకి వెళ్ళేవి. అమెరికాలో అదే కోవ గుడ్డ వేసవి కోటయింది, నిక్కరయింది. దాని రంగు ఉతికితే కారేది. యాభైల చివర్లో సరుకు పంపిన సి.పి. కృష్ణన్ నాయర్, తర్వాత లీలా హోటళ్ళు పెట్టినాయన, కథ ఒకటి ప్రచారంలో ఉంది. విడిగా చన్నీళ్ళలో ఉతకాలని కొన్నవాళ్ళకి ఎవరూ చెప్పలేదు, రంగులు కలిసిపోయి గొడవైంది. చివరికి రంగు కారడాన్నే గొప్ప చేసి, ‘గ్యారంటీగా కారుతుంది’ అని అమ్మారు. ఇంట్లో అమ్మ చేత తిట్లు తినిపించే గుణానికి అక్కడ ఎక్స్‌ట్రా డబ్బులు!

యేల్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఎలీహు యేల్ 1687 నుంచి 1692 దాకా మద్రాసు గవర్నరు, అక్కడే బాగా వెనకేశాడు. 1718లో ఆ కాలేజీకి ఆయన పంపింది 417 పుస్తకాలు, రాజు బొమ్మ ఒకటి, తొమ్మిది మూటల సరుకు. ఆ మూటల్లో కేలికో, మస్లిన్ లాంటి గుడ్డలున్నాయి. అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి, కాలేజీకి ఆయన పేరు వచ్చింది. 250 ఏళ్ళ తర్వాత అదే క్యాంపస్‌లో మద్రాసు గళ్ళ నిక్కరు వేసుకుని నడిచే కుర్రాడు జపాన్‌వాళ్ళకి అమెరికా అంటే ఇదీ అనిపించాడు.

1986లో జె. ప్రెస్‌ని ఆన్‌వర్డ్ కషియామా అనే జపాన్ కంపెనీ కొనేసింది. బ్రూక్స్ బ్రదర్స్ 2020 జూలైలో దివాలా పిటిషన్ వేసింది. రెండు పుస్తకాల్లో ఒక్కటే కొనగలిగితే ‘బ్లాక్ ఐవీ’ కొనండి. ‘టేక్ ఐవీ’ని ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోవచ్చు, గంటలో అయిపోతుంది. ‘అమెటొరా’ మాత్రం అరువిస్తే తిరిగి రాదు.