మనవాడా? పనికివచ్చువాడా?

రాయపురమున కల్మండపమునకు చేరువనున్న టీ అంగడి యొద్ద ఏటేట ఒక సభ జరుగును. దానికి అధ్యక్షుడు లేడు. వందన సమర్పణ లేదు. ఐ.పి.ఎల్. క్రికెట్ ఆటగాండ్ర వేలము జరుగు దినమున మా వీధి యువకులు అచ్చట గుమిగూడి, చెన్నై సూపర్ కింగ్స్ జట్టు ఎవరిని కొనవలెనో, ఎవరిని విడువవలెనో ప్రొద్దుపోవువరకు వాదింతురు. మేమును గ్లాసు చేతబట్టుకొని ఒక మూల నిలిచి వినుచుందుము. ఆ వాదపు మంచిచెడ్డలను గూర్చి పాఠకులకు కొంత విన్నవింపదలచినాము.

వాదులు మూడు తెగలు. మొదటివారు ప్రతిభయే ప్రమాణమందురు. రెండవవారు జట్టులో ఏ స్థానము ఖాళీగా నున్నదో చూచి, దానికి తగినవానినే తేవలెనందురు. మూడవవారు అడుగునది ఒక్కటే: "వాడు మనవాడా?" ఈ ప్రశ్న రాయపురము తెలుగువారికి మరింత చిక్కైనది. మనవాడనగా చెన్నపట్టణమువాడా, తెలుగువాడా? 2018వ సంవత్సరము మే 27వ తేదీన చెన్నై, హైదరాబాదు జట్లు తుదిపోటీలో తలపడిన రాత్రి మా యింటనే రెండు పక్షము లేర్పడినవి.

ఖాళీని చూచి ఎన్నుకొనుట బుద్ధిమంతుల పద్ధతిగా తోచును. కాని అదియు బోల్తాపడిన సందర్భము కలదు. అమెరికా బాస్కెట్‌బాల్‌లో వేలము లేదు. కొత్త ఆటగాండ్రను జట్లు వరుసక్రమమున ఎన్నుకొనును. దానిని డ్రాఫ్టు అందురు. 1984లో రెండవ వంతు పోర్ట్‌లండ్ జట్టుది. వారికి క్లైడ్ డ్రెక్స్‌లర్ అనువాడు అప్పటికే కలడు. కావున అదే స్థానమున ఆడు మరియొకడు అక్కరలేదనుకొని, పొడగరియైన శామ్ బోవీని తీసికొనిరి. మూడవ వంతున షికాగో జట్టు తీసికొన్నవాడు మైకేల్ జోర్డాన్. బోవీని కాలి గాయములు వేధించినవి. జోర్డాన్ షికాగోకు ఆరు పర్యాయములు విజేత పదవి తెచ్చెను. ఖాళీ నిండెను గాని నిధి చేజారెను.

ఇక మన చెన్నై జట్టును చూతము. రెండేండ్ల నిషేధము ముగిసి 2018లో తిరిగివచ్చినప్పుడు, చెన్నపట్టణపు బిడ్డయైన రవిచంద్రన్ అశ్విన్ వేలములో 7.60 కోట్ల రూపాయలకు పంజాబు జట్టుకు పోయెను. మా టీ అంగడి యొద్ద ఆనాడు పెద్ద శోకమే. గుంటూరున పుట్టిన అంబటి రాయుడును 2.20 కోట్లకు కొన్నందుకు మాత్రము ఎవ్వరును పండుగ చేసికొనలేదు. ముప్పది దాటినవారి జట్టని పలువురు నవ్విరి. రాయుడు 2010 నుండి 2017 వరకు ముంబయి జట్టున ఎక్కువగా నడిమి స్థానములలో ఆడినవాడు. చెన్నైవారు అతనిని పలుమార్లు మొదటనే దింపిరి. ఆ యేట అతడు 602 పరుగులు చేసెను. హైదరాబాదుపైననే పూనాలో అజేయముగా నూరు పరుగులు కొట్టెను. జట్టు విజేతయయ్యెను.

అశ్విన్ 2025వ సంవత్సరపు పోటీలకు 9.75 కోట్లకు తిరిగివచ్చెను. మనవాడు ఇల్లు చేరెనని అందరును సంతసించిరి. కాని స్పిన్ వేయుటకు అప్పటికే జడేజా కలడు. నూర్ అహ్మదును గూడ అదే వేలమున తెచ్చిరి. ఆ యేట నూర్ 24 వికెట్లు తీయగా, అశ్విన్ తొమ్మిది ఆటలలో ఏడు తీసెను. జట్టు అట్టడుగున పదవ స్థానమున నిలిచెను. ఆ ఓటమి ఒక్కరిదని మేమనము. పిలిచినవారు కూర్చుండుటకు పీట వేయలేదనియే మా ఫిర్యాదు.

కచేరీ ఉద్యోగమున మేము చూచిన సంగతి యొకటి ఇచ్చట చెప్పవలసియున్నది. టపా విభాగమున ప్రతి కాగితపు జాడ నోటనే చెప్పగల యువకుని లెక్కల విభాగమునకు మార్చిరి. ఆరు నెలలలో వాడు పనికిమాలినవాడనిపించుకొనెను. వానిపై ఫిర్యాదు వ్రాసినవారిలో మేమును ఒకరము. మరల టపాకు వచ్చిన మీదట వానికి సాటిలేకపోయెను. ఆ కాగితముపై మా సంతకము తలంపునకు వచ్చినప్పుడెల్ల నేటికిని సిగ్గగును.

కనుక మా అభిప్రాయ మిది. ఇముడుట ఆటగాని ఒక్కని గుణము కాదు. ఇముడ్చుకొనువారి నేర్పు అందు సగపాలు. యువకులు ధరను చర్చింతురు, పేరును చర్చింతురు; కొన్నవానికి ఏ స్థానము, ఎన్ని అవకాశము లిచ్చిరో లెక్కించువారు అరుదు. గుంటూరు బాలుడు షేక్ రషీదును చూడుడు. 2022లో పందొమ్మిదేండ్లలోపు వారి ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టుకు ఉపనాయకుడు. 2023, 2024 సంవత్సరములలో చెన్నై జట్టున ఉండియు ఒక్క ఆటయైనను ఆడలేదు. 2025 ఏప్రిల్ 14న లక్నోలో మొట్టమొదట దిగి 19 బంతులలో 27 పరుగులు చేసెను. ఆ రెండేండ్లలో మా టీ అంగడి యొద్ద అతని పేరెత్తినవా డొక్కడును లేడు, మేమును ఎత్తలేదు.

వేలము ముగిసిన రాత్రి మా సభ ముగియుచున్నది. ఇకమీదట బల్లపై కూర్చున్నవాని పేరును అప్పుడప్పుడు తలచుకొనుటకైనను మరల కూడుదము. టీ ఖర్చు మేము పెట్టుకొందుము.