సుత్తి దెబ్బకు ఎగిరే కాలు

మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తితో తడితే కాలు ఎగురుతుంది. ఆ దెబ్బకు సాగిన కండరం వెన్నుపాముకు కబురు పంపుతుంది, మెదడును అడగకుండానే అక్కడి నుంచి జవాబు వస్తుంది. బడి పుస్తకాల్లో ఇది అసంకల్పిత ప్రతీకార చర్య, ఆసుపత్రి వార్డుల్లో ‘జర్క్’. 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే జర్మన్ వైద్యులు దీని గురించి విడివిడిగా రాశారు.

జవాబు చెప్పకపోయినా మెదడు పైనుంచి కళ్లెం పట్టుకునే ఉంటుంది. మెదడు నుంచి కిందికి దిగే ఆ నరాల దారి ఎక్కడ నలిగినా కళ్లెం వదులై కాలు మరీ ఎగురుతుంది. పక్షవాతం, వెన్నుపూసల క్షయ, మెడపూసల అరుగుదల, కణితి తరచు కనిపించే కారణాలు. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో మాత్రం జర్క్ అసలు రాకపోవచ్చు. దారి బాగానే ఉన్నా థైరాయిడ్ ఎక్కువైతే, కాల్షియం తగ్గితే, కొన్ని మందులు కలిసి సెరటోనిన్ పెంచితే జర్కులు చురుకెక్కుతాయి. గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ ముంచుకొచ్చే ముందూ అంతే. అప్పుడిచ్చే మెగ్నీషియం ఇంజెక్షన్‌కు కొలబద్ద కూడా మోకాలే: జర్క్ మాయమైతే మందు ఆపాలి.

తెలుగు నేలకు ఇంకో కారణం ఉంది, ఫ్లోరైడ్ నీళ్లు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఆ నీళ్లతో వచ్చే వ్యాధి గురించి షార్ట్ అనే పరిశోధకుడి బృందం 1937లో రాసింది. నల్లగొండ జిల్లా మర్రిగూడ పల్లెలకూ అది తెలిసిన బాధే. ఫ్లోరైడ్ మరీ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముక మందమై వెన్నుపాము దారి ఇరుకవుతుంది. మెడ దగ్గర నలిగితే ఆ మట్టంలో చేతి జర్క్ తగ్గుతుంది, కింద కాళ్లలో పెరుగుతుంది. ఎక్కడ నలిగిందో ఆ తేడానే చెబుతుంది.

బహదూర్‌పురా నుంచి పురానాపూల్ దాటి ఉస్మానియా ఆసుపత్రికి వచ్చే రోగి ‘కాలు బిగుసుకుపోతోంది, చెప్పు జారిపోతోంది’ అంటే, జారడం తెలుస్తోందా లేదా అన్నది అడగాల్సిన మాట. తెలిసి జారితే బలం తగ్గినట్టు, తెలియకుండా జారితే స్పర్శ కూడా పోయినట్టు. తర్వాత రెండు వైపులా సుత్తితో తట్టి పోల్చాలి. కంగారు మనిషికి జర్కులు సహజంగానే చురుకు. ఒకవైపే ఎక్కువైతే అనుమానించాలి. పాదాన్ని గభాలున పైకి వంచి పట్టుకుంటే ఆగకుండా కొట్టుకోవడం, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేవడం బలమైన గుర్తులు. రెండోదాన్ని 1896లో బాబిన్‌స్కీ చెప్పాడు. పసిపిల్లల్లో అది మామూలే. గడ్డం తట్టినప్పుడు దవడా మరీ ఎగిరితే లోపం మెడలో కాదు, ఇంకా పైన. ఇదంతా అయ్యాకే ఎక్కడ ఎంఆర్‌ఐ తీయాలో, ఏ రక్తపరీక్ష రాయాలో తేలుతుంది. సుత్తి పట్టకుండా నడుముకే స్కాన్ రాస్తే మెడలోని నొక్కుడు అలాగే ఉండిపోతుంది.