పక్కింటి పిల్లకు శక్తి వస్తే: బొగ్గుబాయి ఊరి నుంచి 'మిస్ మార్వెల్' పఠనం

పరిచయం

బాలనాగమ్మ కథ మీకు తెలిసే ఉంటుంది. మాయల ఫకీరు ప్రాణం చిలుకలో ఉందని తెలుసుకుని, ఆ చిలుకను పట్టి తల్లిని విడిపించినవాడు బాలవర్ధి రాజు. మరి కథకు పేరిచ్చిన బాలనాగమ్మ చేసిన పని ఎంత? ఓపిక పట్టడం, ఫకీరును మాటలతో ఆపడం, కొడుకు కోసం ఎదురుచూడటం. బాధ తల్లిది, బలం కొడుకుది. ఈ పాఠంలో బలం కూడా ఆడపిల్లదే అయిన ఒక కథను చదవబోతున్నాం. ఆమె కత్తి పట్టిన మహారాణి కాదు, పదహారేళ్ల బడిపిల్ల. ఇంట్లో చెప్పకుండా బయటికెళ్లి తిట్లు తింటుంది. ఊళ్లోవాళ్లకు ఆపద వస్తే అడ్డం పడుతుంది. ఈ మధ్యలో మనల్ని నవ్విస్తుంది కూడా.

కామిక్ పుస్తకం డిగ్రీ పాఠంలోకి ఎందుకు వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. బుర్రకథ, యక్షగానం కూడా ఒకనాడు పాఠ్యగ్రంథాల గడప బయటే నిలబడ్డాయి. ఎక్కువమంది ఇష్టంగా చదివే దాన్ని ఎందుకు చదువుతున్నారో అడగడం విమర్శ చేయవలసిన పనుల్లో ఒకటి. ఇంకో మాట. మీలో కొందరు గోదావరిఖనిలోనో, యైటింక్లైన్ కాలనీలోనో, రామగుండంలోనో ఉంటూ, నైట్ షిఫ్ట్ దిగి వచ్చి ఈ పుస్తకం తెరిచి ఉంటారు. ఈ పాఠంలో పోలికలను కావాలనే ఆ ప్రాంతం నుంచి తీసుకున్నాం. ఎందుకో మూడో భాగానికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మన ఇంట్లోని ముందరి రూపాలు

తెలుగులో అతీత శక్తి ఉన్న చిన్నపిల్ల మనకు కొత్త కాదు. కోడి రామకృష్ణ దర్శకత్వంలో 1995లో వచ్చిన 'అమ్మోరు' సినిమాను గుర్తు చేసుకోండి. కష్టాల్లో ఉన్న కోడలి ఇంటికి అమ్మవారు చిన్నపిల్ల రూపంలో వస్తుంది. ఆ పిల్ల ఇంటి పని చేస్తుంది, అల్లరి చేస్తుంది, కోడల్ని బాధపెట్టేవాళ్లను ముప్పుతిప్పలు పెడుతుంది. హాల్లో జనం భయపడిన చోట్లు ఎన్నో, నవ్విన చోట్లూ అన్ని ఉన్నాయి. కానీ ఆ నవ్వు వెనుక ఒక ధీమా ఉంది. ఆమె దేవత కాబట్టి ఓడిపోదు. ఆమెకు నేర్చుకోవలసింది ఏదీ లేదు. సాయం పైనుంచి కిందికి దిగి వస్తుంది.

రెండో రూపం హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ తీసిన 'ఛోటా భీమ్'లో ఉంది. 2008 నుంచి మన పిల్లలు చూస్తున్న ఈ కార్టూన్‌లో లడ్డూ తింటే భీముడికి బలం వస్తుంది. సమయానికి ఆ లడ్డూ విసిరేది చాలాసార్లు చుట్కీ. ఇక్కడ ఆగి ఆలోచించండి. శక్తి చుట్కీ చేతిలోంచే వెళ్తుంది, వాడేది మాత్రం భీముడు. చుట్కీ ఆ లడ్డూ తానే ఎందుకు తినదు? పిల్లల కార్టూన్‌కు ఇంత పెద్ద ప్రశ్న అవసరమా అని మీరు నవ్వుకోవచ్చు, కానీ మా ఉద్దేశంలో ఈ ప్రశ్న చిన్నది కాదు.

మూడోది 'కర్తవ్యం' (1990) నుంచి తెలుగు తెరను ఏలిన విజయశాంతి పాత్రల వరుస. అక్కడ శక్తి మనిషిదే, దేవతది కాదు. అయితే ఆ పాత్రలను నడిపింది కోపం. తెలుగు తెర మీద బలమైన ఆడది దేవతగానో, మండే నిప్పుగానో కనిపించింది. తడబడుతూ, తన మీద తానే జోకులు వేసుకుంటూ జనానికి సాయపడే పిల్లకు చోటు దొరకలేదు. ఆ ఖాళీ ఎలాంటిదో తెలియడానికే పరాయి పుస్తకం ఒకటి తెచ్చుకుంటున్నాం.

కమలా ఖాన్ కథ

అమెరికాలోని మార్వెల్ సంస్థ 2014 ఫిబ్రవరిలో 'మిస్ మార్వెల్' కొత్త కామిక్ వరుసను మొదలుపెట్టింది. రచయిత్రి జి. విల్లో విల్సన్, మొదటి చిత్రకారుడు ఏడ్రియన్ అల్ఫోనా. సంపాదకురాలు సనా అమానత్ తన చిన్ననాటి ముచ్చట్లు తోటి సంపాదకుడికి చెబుతుండగా ఈ పాత్ర ఆలోచన పుట్టింది. నాయిక కమలా ఖాన్. పాకిస్తాన్ నుంచి వలస వెళ్లిన ముస్లిం కుటుంబంలో పుట్టి, న్యూయార్క్‌కు నది అవతల ఉన్న జెర్సీ సిటీలో పెరిగింది. తొలి సంపుటానికి 2015లో హ్యూగో పురస్కారం వచ్చింది. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో బస్సుల మీద ముస్లింలను ద్వేషిస్తూ ప్రకటనలు వెలిస్తే, కొందరు వాటి మీద కమల బొమ్మలు అతికించారు. నవ్వుల పుస్తకంలోని పిల్ల ఎంత దూరం వెళ్లగలదో చూశారు కదా.

కథ మొదలయ్యేది ఒక పార్టీ దగ్గర. తండ్రి వద్దన్నా కమల కిటికీలోంచి దాటి వెళ్తుంది. అక్కడ తోటి పిల్లలు ఆమెను ఎగతాళి చేస్తారు. అలిగి తిరిగి వస్తుంటే దారిలో ఒక వింత పొగమంచు కమ్ముతుంది. అందులో ఆమె ఆరాధించే కెప్టెన్ మార్వెల్ కనిపించి అమీర్ ఖుస్రో కవిత చదువుతుంది! నీకేం కావాలని అడిగితే, నీలాగే కావాలని అంటుంది కమల. కోరిక తీరుతుంది. చూసుకుంటే తెల్లటి ఒళ్లు, బంగారు రంగు జుట్టు, పొట్టి దుస్తులు.

ఇక్కడే రచయిత్రి చేతివాటం కనిపిస్తుంది. కోరుకున్న రూపం వచ్చాక కమలకు ఏమీ బాగుండదు. జుట్టు కళ్లలో పడుతుంది, బూట్లు కరుస్తాయి, దుస్తులు ఇరుకు. ఆ స్థితిలోనే, ఇందాక తనను ఎగతాళి చేసిన అమ్మాయి నీళ్లలో పడితే చేతిని పెద్దగా సాచి బయటికి తీస్తుంది. మనం నవ్వుతూనే ఒక సంగతి గ్రహిస్తాం. ఇంకొకరి చర్మంలో దూరి చేసిన మేలు ఆమెకు పూర్తిగా దక్కలేదు. ఊరు పొగిడింది ఆ బంగారు జుట్టు పిల్లను. తరువాత కమల ఈతకు కొన్న ఒంటినిండా కప్పే బుర్కినీని మార్చి కుట్టుకుని తన దుస్తులు తయారుచేసుకుంటుంది. ఇంట్లో ఉన్నదానితోనే వీరవేషం కుదిరింది.

నవ్వు ఎక్కడ పుడుతోంది?

ఈ కామిక్‌లో హాస్యం శత్రువుల వల్ల పుట్టేది తక్కువ. ఎక్కువ భాగం ఇల్లు, బడి, ఆకలి వల్ల పుడుతుంది. ఒళ్లు సాగి కుదించుకుపోయే శక్తి వాడాక కమలకు విపరీతమైన ఆకలి వేస్తుంది. నగరాన్ని కాపాడి వచ్చిన పిల్ల అర్ధరాత్రి వంటింట్లో తింటూ తల్లికి దొరికిపోతుంది. తల్లి దృష్టిలో నేరం ఒక్కటే, చెప్పకుండా వెళ్లడం. మన ఇళ్లలో ఇది ఎవరికి తెలియదు?

తల్లిదండ్రులు ఆమెను బుద్ధి చెప్పించడానికి మసీదులోని షేక్ అబ్దుల్లా దగ్గరికి పంపుతారు. పాఠకుడు చీవాట్లు వస్తాయని ఎదురుచూస్తాడు. ఆయన మాత్రం, చేయక తప్పని పనే అయితే ధైర్యంతో, నిజాయితీతో, దయతో చెయ్యి, నేర్పే గురువును వెతుక్కో అన్న అర్థం వచ్చేలా మాట్లాడి పంపుతాడు. పెద్దలను వెక్కిరించి నవ్వు పుట్టించడం తేలిక. వాళ్లు మనం అనుకున్నదానికంటే తెలివైనవాళ్లని తేల్చి నవ్వు పుట్టించడం కష్టం. ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

తప్పులూ ఆమెకు తక్కువేం కాదు. స్నేహితుడు బ్రూనో పనిచేసే దుకాణంలో దొంగతనం జరుగుతోందనుకుని ఒక్కతే లోపలికి దూకుతుంది. తుపాకి పేలి గుండు తగులుతుంది. తిరిగి తన సొంత రూపానికి వచ్చేసరికి గాయం మానుతుంది. బొగ్గుగనుల్లో పనిచేసే మీకు ఈ ఘట్టం మరోలా కనిపించాలి. గనిలో ప్రమాదం జరిగినప్పుడు రెస్క్యూ మనిషి ఎప్పుడూ ఒంటరిగా దిగడు. జట్టుగా వెళ్తారు, జట్టుకు ఒక కెప్టెన్ ఉంటాడు. లోపల ఒక్కరి శ్వాస పరికరం సరిగా పనిచేయకపోయినా జట్టు మొత్తం వెనక్కి రావలసిందే. ధైర్యం చాలక పెట్టిన నియమం కాదిది. కాపాడబోయినవాడు తానే ఇంకో బాధితుడు కాకూడదని పెట్టింది. కమల ఆ నియమాన్ని గుండు దెబ్బ తిని నేర్చుకుంటుంది. ఆ తరువాత బ్రూనో సాయం తీసుకుంటుంది, వుల్వరిన్ అనే పెద్ద వీరుడితో కలిసి మురుగు కాలవల్లో తిరుగుతుంది, లాక్‌జా అనే ఏనుగంత కుక్కను వెంటేసుకుంటుంది. హాస్యం తగ్గదు కానీ ఒంటరి సాహసం తగ్గుతుంది.

పిల్లలను మండించి కరెంటు

ఇక అసలు ఘట్టం. జెర్సీ సిటీలో పడుచు పిల్లలు కనిపించకుండా పోతుంటారు. వాళ్లను పోగు చేస్తున్నవాడు ఇన్వెంటర్. విద్యుత్ బల్బుతో పేరుపొందిన థామస్ ఎడిసన్‌కు నకలుగా తయారుచేయబోతే, పెంపుడు పక్షి కణాలు కలిసిపోయి పక్షి తలతో పుట్టినవాడు. బొమ్మ చూస్తే నవ్వాగదు. వాడు చేస్తున్నది మాత్రం నవ్వులాట కాదు. పిల్లలను యంత్రాలకు తగిలించి వాళ్ల ఒంట్లోంచి కరెంటు లాగుతుంటాడు. ఇంకా చేదు సంగతి, ఆ పిల్లలు ఒప్పుకునే వచ్చారు. భూమి మీద వనరులు అయిపోతున్నాయి, మీ తరం అదనపు బరువు, కనీసం ఇంధనంగానైనా పనికిరండి అన్న వాదాన్ని వాళ్లు నమ్మారు. కమల ఇక్కడ పిడికిలితో గెలవలేదు. మీరు దండగ మనుషులు కారని ముందు ఆ పిల్లలకు నచ్చజెప్పవలసి వచ్చింది.

న్యూయార్క్‌లో కూర్చుని చదివేవారికి ఇది చమత్కారమైన ఊహ. రామగుండంలో చదివితే అంత దూరంగా ఉండదు. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం పొగగొట్టాలు కనబడే చోట కరెంటంటే గోడకున్న స్విచ్ మాత్రమే కాదు. అది భూమిలోంచి మనిషి తీసిన బొగ్గు. 1920లో ఏర్పడిన సింగరేణి సంస్థలో 1990ల ఆరంభంలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇవాళ 40 వేల దరిదాపులకు వచ్చింది. యంత్రాలు వచ్చాయి, ఓపెన్ కాస్టులు వచ్చాయి. తండ్రి బాయికి పోయి పెంచిన కొడుకు, కూతురు తాము ఎక్కువైపోయామేమో అనుకునే రోజులు ఇక్కడి కాలనీల్లో ఉన్నాయి. కమల ఎదుర్కొన్న వాదం అదే. పనికొచ్చినంత మేరకే మనిషికి విలువ అని చెప్పే వాదం.

అమ్మాయిల సంగతి మరో మెట్టు కింద ఉండేది. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ప్రకారం స్త్రీలు భూగర్భ గనిలో పనిచేయరాదన్న నియమం ఉండేది. 2019లో కేంద్రం షరతులతో సడలింపు ఇచ్చింది. అంతవరకు బాయి అంటే ఇంటి ఆడవాళ్లకు టిఫిన్ కట్టి పంపే చోటు, షిఫ్ట్ వదిలే వేళ దాటితే గుండె దడదడలాడే చోటు. చుట్కీ లడ్డూ మీకు ఇప్పుడు మళ్లీ గుర్తుకు రావాలి.

ఒక అభ్యంతరం

పుస్తకాన్ని ఇంతగా మెచ్చుకున్నాక దాని లోటు కూడా చెప్పాలి. కరెంటు కోసం పిల్లలను మండించే ఏర్పాటును రచయిత్రి ఒక పక్షి తల విలన్ మీదికి నెట్టేసింది. వాడు ఓడితే సమస్య తీరిపోయినట్టే. ఆ కరెంటు వాడుకునే ఇళ్లు, లాభపడేవాళ్లు బొమ్మల్లోకి రారు. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ వంటి మన రచయితలు బొగ్గుగని జీవితాన్ని రాసినప్పుడు ఇలా తప్పించుకోలేదు. వారి కథల్లో ఎదురు నిలిచేది ఒక వీరుడు కాదు, జనం. అయితే నిజాయితీగా చూస్తే రెండో వైపూ ఉంది. మన బొగ్గు సాహిత్యంలో పదహారేళ్ల పిల్ల నవ్వు ఎన్నిసార్లు వినిపించింది? గోదావరిఖని దగ్గరి పల్లెను తెర మీదికి తెచ్చిన 'దసరా' (2023)లో కూడా మసి, మద్యం, పగ ముందుకొచ్చాయి. బొగ్గు ఊరంటే నల్లగానే చూపాలన్న అలవాటు బలంగా పాతుకుపోయింది. కాలనీలో పిల్లలు ఎప్పుడూ ఏడుస్తూ పెరగలేదు కదా.

కమల కథను అనువదిస్తే ఈ లోటు తీరదు. ఆమె ఇబ్బందులు జెర్సీ సిటీవి, ఆమె జోకులు ఆ బడివి. తెలుగులో ఇలాంటి పిల్ల పుట్టాలంటే ఆమె భాష క్వార్టర్ల గోడల మధ్య నుంచి రావాలి. ఆమెను తిట్టే తల్లి సెకండ్ షిఫ్ట్‌కు పోయిన భర్త కోసం కూర అట్టిపెట్టిన తల్లి కావాలి.

అభ్యాసం

మీ కాలనీలో ఒక పదహారేళ్ల అమ్మాయికి ఒళ్లు సాగే శక్తి వచ్చిందనుకోండి. మొదటి రోజు ఆమె ఎవరికి, ఏ చిన్న సాయం చేస్తుంది? ఆ సాయంలో ఆమె చేసే ఒక తప్పు, ఇంట్లో ఆమె తినే ఒక తిట్టు తప్పనిసరిగా ఉండేలా రెండు పేజీల కథ రాయండి. శత్రువుగా ఒక్క మనిషిని పెట్టారా, ఒక ఏర్పాటును పెట్టారా అన్నది కథ కింద మూడు వాక్యాల్లో వివరించి, తరువాతి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.