చేరడానికి వచ్చి పంతులయ్యాడు

1919లో విజయనగరంలో సంగీత కళాశాల కొత్తగా తెరిచారు. పూసపాటి విజయరామ గజపతిరాజు పెట్టించిన బడి. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. పాతికేళ్లు దాటిన కుర్రాడొకడు విశాఖపట్నం నుంచి వయొలిన్ పట్టుకుని అక్కడికి వచ్చాడు. చూపు సరిగా ఆనదు. అన్నగారి దగ్గర నేర్చుకున్న విద్య తప్ప చేతిలో మరేమీ లేదు. విద్యార్థిగా చేరదామని వచ్చినవాడి వాయిద్యం విని, అతణ్ణి వయొలిన్ పంతులుగా పెట్టుకున్నారు. ఆయనే ద్వారం వెంకటస్వామినాయుడు.

విజయనగరంలో ఈ ముచ్చట ఎవరు చెప్పినా నాయుడుగారి గొప్ప కిందే చెబుతారు. అది నిజమే. కానీ అదే సంగతిని దాసుగారి కుర్చీలోంచి కూడా ఒకసారి చూడాలి. కొత్త సంస్థ, రాజుగారి డబ్బు. తప్పు మనిషిని పెట్టుకుంటే మాట పడేది ప్రిన్సిపాలే. వచ్చినవాడు అడిగింది ఒకటి, దొరికింది అంతకంటే చాలా పెద్దది. ఈ రోజుల్లో అయితే ‘ముందు చేరు బాబూ, నాలుగేళ్లు పోయాక చూద్దాం’ అని భుజం తట్టి పంపేసేవారు. ఆ మాటలో తప్పేమీ కనిపించదు, అందుకే అది అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేస్తుంది.

ఇంకో విశేషం ఉంది. ఆ ఇద్దరికీ ఎక్కడా పోలిక లేదు. 1864లో అజ్జాడలో పుట్టిన దాసుగారు హరికథకు పితామహుడు. గజ్జెకట్టి, చిరతలు పట్టి నిలబడ్డారంటే సభంతా ఆయనదే. ఒకేసారి అయిదు తాళాలు వేసి చూపించిన మనిషి. ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను సంస్కృతంలోకీ, అచ్చతెలుగులోకీ తెచ్చిన పండితుడు. నాయుడుగారిదంతా కూర్చుని కమాను లాగే విద్య. ఆ రోజుల్లో వయొలిన్ అంటే పక్కవాద్యమే, పాడేవాడి వెనకాల నడిచేది. ఆటా పాటా మాటా అన్నీ తానే అయిన మనిషి, తనకు ఏ కోశానా పోలికలేని విద్వాంసుడికి పక్కన చోటిచ్చారు.

ఈ కాలమ్ రాసేవాడి లెక్కలో నాయకత్వ విద్య అంతా ఇక్కడే ఉంది. మన ఆఫీసుల్లో పైఅధికారి ‘వీడిలో లీడర్ ఉన్నాడు’ అని ఎవరినైనా మెచ్చుకుంటే ఒక్క క్షణం ఆగి చూడండి. ఆ కుర్రాడు చాలాసార్లు ఆయనలాగే మాట్లాడతాడు, ఆయనలాగే మీటింగులో చెయ్యి ఊపుతాడు. నెమ్మదస్తుడు, మాట తక్కువవాడు, పని మాత్రం చేతిలో ఉన్నవాడు ఆ కంటికి ఆనడు. అలా పదేళ్లు గడిస్తే ఆ ఆఫీసు నిండా ఒకే మనిషి నకళ్లు మిగులుతాయి.

1936లో దాసుగారు దిగాక ఆ కుర్చీ నాయుడుగారికి వచ్చింది. పదిహేడేళ్లు పంతులుగా పనిచేశాక వచ్చిన కుర్చీ. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను సోలో కచేరీ వాద్యంగా నిలబెట్టిన పేరు ఆయనదే. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, 1957లో పద్మశ్రీ వచ్చింది. ఘంటసాల, పి. సుశీల ఇద్దరూ ఆ కళాశాలలో చదివినవాళ్లే.

ఘంటసాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకరిని తలచుకోవాలి. కృష్ణా జిల్లా నుంచి చేతిలో కానీ లేకుండా విజయనగరం చేరిన ఆ పిల్లాడు ఇంటింటా అన్నం అడిగి, మధుకరం ఎత్తుకుని తిన్నాడు. ఆ కష్టకాలంలో అతణ్ణి ఇంటికి పిలిచి, ఏమీ పుచ్చుకోకుండా చదువు చెప్పినవారు ‘సాలూరు చిన్న గురువుగారు’ అని పిలిచే పట్రాయని సీతారామశాస్త్రి. ప్రిన్సిపాల్ కుర్చీలో ఉన్నది ఆయన కాదు. అయినా ఘంటసాల ఎదిగాక తన గురువెవరని అడిగితే చెప్పిన పేరు ఆయనదే.

ఇప్పటికి వద్దాం. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఎవరినడిగినా ఒకటే కథ. కెమిస్ట్రీ చదివిన కుర్రాడు రియాక్టర్ దగ్గర నాలుగేళ్లు బాగా పనిచేస్తాడు. ఒకరోజు పిలిచి షిఫ్ట్ ఇన్‌చార్జి అంటారు. నిన్నటిదాకా క్యాంటీన్లో ‘ఒరేయ్’ అన్న స్నేహితుడికి నేటి నుంచి డ్యూటీ వెయ్యాలి, సెలవు కాదనాలి. ఏ బ్యాచ్‌కు ఎంత వేడి పెట్టాలో ఆ కుర్రాడికి నేర్పారు. మనుషుల చేత పని చేయించే సంగతి మాత్రం ఎవరూ నేర్పలేదు. మహా అయితే విశాఖలో ఏదో హోటల్లో రెండ్రోజుల ట్రైనింగ్, ఒక సర్టిఫికెట్, భోజనంలో పనీర్ కూర.

ఈ విద్యకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే అంతకంటే మంచి బడి ఒకటి ఉంది. దాని మీద ఎవరి కన్నూ పడలేదు. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు తొలి విడతలోనే విజయనగరం ఉంది, ఆ తర్వాత శ్రీకాకుళం చేరింది. చెరువు పూడిక తీసే చోట కూలీల గుంపుకు ఒక మేట్ ఉంటారు. చాలాచోట్ల ఆడమనిషే. పదో తరగతో, ఇంటరో చదివి, పెళ్లై ఆ ఊరికి వచ్చిన కోడలు. గుంపులో ఉన్నదేమో అత్తలూ, పిన్నులూ, వరసకు మావలూ. పేరు పెట్టి పిలవలేనివాళ్ల చేత పని చేయించాలి.

కూలి గొయ్యి కొలత మీద వస్తుంది. టేపు పెట్టి పొడవు, వెడల్పు, లోతు చూస్తారు. కొలత తగ్గితే గుంపులో అందరి కూలీ తగ్గుతుంది. కాబట్టి ఎండ ముదరకముందే ఎవరు గునపం పట్టాలి, ఎవరు పారతో ఎత్తాలి, ఎవరు తట్ట మోయాలి అన్నది తేల్చుకోవాలి. మోకాళ్ల నొప్పుల ముసలామెను ‘పిన్నీ, నువ్వు తట్ట మొయ్యకు, గట్టు సాపుసెయ్యి సాలు’ అని పక్కకు తేవాలి. కానీ ఆమెకు పని ఎగ్గొట్టిందన్న పేరు రాకూడదు. గట్టివాడొకడు ‘నా రెక్కల కష్టం అందరూ తింటన్నారు’ అని గొణిగితే, వాడి అమ్మ కూడా అదే గుంపులో ఉన్న సంగతి నవ్వుతూ గుర్తుచెయ్యాలి. ఈ మధ్య సెల్‌ఫోన్లో ఫొటో హాజరు కూడా వచ్చిపడింది. సిగ్నల్ లేని గట్టు మీద నిలబడి, ఫొటో ఎక్కకపోతే ఈ రోజు కూలి ఏమవుతుందని అడిగేవాళ్లకు జవాబు చెప్పేదీ ఆమే.

ఇదేమీ నల్లేరు మీద నడక కాదు. పని చేయని బంధువులకు మస్టర్‌లో హాజరు వేసిన మేట్లూ ఉన్నారు, అలాంటివి సామాజిక తనిఖీల్లో బయటపడ్డాయి కూడా. ఆ తనిఖీలో ఊరి జనం ముందు పేరు పేరునా చదువుతుంటే నిలబడడం కూడా ఒక శిక్షణే. ఏ కంపెనీ మేనేజరునూ కింద పనిచేసేవాళ్ల ఎదుట కూర్చోబెట్టి అలా లెక్క అడగరు.

రాజాంలో 1997 నుంచి ఇంజినీరింగ్ కళాశాల ఉంది. విజయనగరంలో యూనివర్సిటీ ఉంది. మేనేజ్‌మెంట్ చదివే పిల్లల్ని ప్రాజెక్టుల పేరుతో హైదరాబాద్ పంపుతున్నారు. వాళ్లలో నలుగురిని వేసవిలో ఒక వారం ఇలాంటి మేట్ వెంట పంపితే ఖర్చేమీ ఉండదు. ఉదయం ఆరింటికల్లా గట్టు మీద ఉండాలి, అంతే. చెప్పింది రాసుకోవడమే కాదు, ఒక పూట గుంపుకు పని పంచి చూడమనాలి. ఏ పిన్నికి గునపం ఇచ్చారో సాయంత్రం కొలత దగ్గర మేటే చెబుతుంది.