ఎండుపుల్ల ఏ చెట్టుది?

బూజు అనగానే మొహం చిట్లించని వాళ్లుండరు. ఊరగాయ జాడీలో పట్టినా, వానాకాలం గోడకు పట్టినా అది పీడే. మదనపల్లె టమాటా రైతునడిగితే ఇంకో నాలుగు మాటలు కలిపి తిడతాడు. అలాంటి బూజు కోసం హార్స్‌లీ హిల్స్ నుంచి పుంగనూరు చిట్టడవుల మీదుగా కుప్పం దాకా రాలిన ఆకులూ ఎండుపుల్లలూ ఏరుకొచ్చే పని ఒకటుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్య సి. మనోహరాచారి, ఆయన శిష్యులు ఏళ్ల తరబడి చేసిన పనీ ఈ కోవదే. నాదీ ఇదే పిచ్చి.

ఏరడంలోనే సగం విద్య ఉంది. నిన్న రాలిన ఆకు పనికిరాదు. చేతిలో పొడైపోయేదీ పనికిరాదు. ఈనెలు తేలి, నల్లమచ్చలు పడి, ఇంకా ఆకారం పోనిది కావాలి. దాన్ని కాగితం కవరులోనే వేయాలి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ ఊరి, వంటింట్లో కనిపించే మామూలు బూజే అంతా కమ్మేస్తుంది. ఇంటికొచ్చాక గాజు పళ్లెంలో తడి అద్దుడు కాగితం పరిచి, దాని మీద పుల్ల పెట్టి మూతేస్తే, వారం పది రోజుల్లో నల్లటి నూగు లేస్తుంది. సూది మొనతో కాస్త తీసి, లాక్టోఫినాల్ చుక్కలో వేసి మైక్రోస్కోపు కింద చూడాలి.

ఆకుల మీద తరచు కనిపించేది బెల్ట్రానియా రాంబికా. పెన్‌జిగ్ 1882లో పేరు పెట్టాడు. దాని బీజాలు రెండు శంకువుల అడుగులు కలిపి అతికించినట్టుంటాయి. నడుమ లేతరంగు పట్టీ, ఒక కొసన చిన్న ముల్లు. గడ్డిదుబ్బుల మొదట్లో దొరికే టెట్రాప్లోవాకైతే నాలుగు పొడవాటి మీసాలు. సి.వి. సుబ్రమణియన్ 1971లో వెలువరించిన ‘హైఫోమైసీట్స్’ పక్కనుంటే చాలా వాటికి పేరు దొరుకుతుంది.

బూజుకు పేరు దొరుకుతుంది, పుల్లకే దొరకదు. పువ్వు లేదు, కాయ లేదు, బెరడు సగం ఊడింది. ఏ చెట్టుదని రాయాలి? ‘గుర్తు తెలియని ఆకు మీద’ అని రాసి ఊరుకునే వ్యాసాలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొన్ని బూజులు ఏది దొరికినా తింటాయి, కొన్ని ఒక్క చెట్టునే పట్టుకుని ఉంటాయి. చెట్టు పేరు లేకపోతే ఆ తేడా ఎలా తెలుస్తుంది?

నాకీ విషయంలో గురువులు మేకల కాపర్లే. పుంగనూరు దగ్గర ఒక ముసలాయన నా చేతిలో పుల్ల లాక్కుని, విరిచి, వాసన చూసి, ‘ఇది చండ్ర కాదు నాయినా, సిరిమాను’ అన్నాడు. పక్కనున్న చెట్టు బెరడు గీరి చూపించాడు కూడా. చెట్ల పుస్తకంలో సిరిమాను పువ్వుంది, ఆకుంది. దాని ఎండుపుల్ల విరిస్తే వచ్చే వాసన లేదు.

కుప్పం వైపు ఈ తిప్పలు కొంత తక్కువ. 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులు కొమ్మలు విరిచి పడేస్తాయి, విరిగిన చెట్టు పక్కనే నిలబడి ఉంటుంది. అటవీశాఖ అనుమతి, తోడుగా వాళ్ల మనిషి లేకుండా అక్కడ అడుగు పెట్టకూడదు. ఏనుగు లద్దె మీద మొలిచే శిలీంధ్రాల లోకం వేరే. దాని జోలికి వెళ్తే ఇల్లు చేరలేం.

భూమ్మీద 22 నుంచి 38 లక్షల శిలీంధ్ర జాతులుండొచ్చని హాక్స్‌వర్త్, ల్యూకింగ్ 2017లో అంచనా వేశారు. పేర్లు పెట్టింది లక్షన్నర చిల్లరకే. మిగిలినవన్నీ అమెజాన్‌లోనే ఉండాలని రూలేమీ లేదు. ‘అక్కడేముంది, కంపచెట్లు తప్ప’ అని మనవాళ్లు తీసిపారేసే గుట్టల మీద ఇంకా ఏరాల్సింది చాలా ఉంది.

ఏరేది మాత్రం కార్తీకం వానలు వెలిసిన వెంటనే. ఎండలు ముదిరాక కొత్తగడ్డి కోసమని గుట్టలకు నిప్పు పెడతారు. తర్వాత వెళ్తే కవర్లలో వేసుకోవడానికి బూడిదే మిగులుతుంది.