పియానోపై ఎడమచేతి నడక

అమెరికా నల్లజాతి సంగీతచరిత్రను చెప్పువారు తరచుగా గాయకులను, ట్రంపెట్, శాక్సఫోన్ విద్వాంసులను ముందు నిలిపి, పియానో చెంత కూర్చుండిన స్త్రీలను పక్కవాద్యమువారిగా ఎంచి సాగిపోవుదురు. ఇది తీరని అన్యాయమని నా అభిప్రాయము. ఊదు వాద్యములు, డ్రమ్ములు ఆడువారికి తగవని తలచిన ఆ కాలమే, ఇంటి ముందుగదిలోను చర్చిలోను ఉండు పియానోను మాత్రము ఆడపిల్లలకు మర్యాదయైన విద్యగా అంగీకరించెను. ఆ ఒక్క ద్వారమున ప్రవేశించిన స్త్రీలు ఆ సంగీతము యొక్క నడకనే తీర్చి దిద్దిరి. 1923లో కింగ్ ఆలివర్ జాజ్ బృందము తొలి రికార్డులిచ్చునాటికి అందు పియానో వాయించుచుండినది లిల్ హార్డిన్.

నడక ఎడమచేతిలో నున్నది. 'స్ట్రైడ్' పద్ధతిలో, నాలుగు దెబ్బల ఆవృత్తమునందు మొదటి, మూడవ దెబ్బలకు ఎడమచేయి మంద్రస్థాయి స్వరమును పలికించి, రెండవ, నాలుగవ దెబ్బలకు ఒక్క లంఘనమున మధ్యస్థాయికి చేరి కార్డును, అనగా ఏకకాలమున మ్రోగు స్వరసమూహమును, మీటవలెను. కుడిచేయి ఆ దెబ్బలకు ముందుగనో వెనుకగనో స్వరములను జార్చుచు మన అతీతానాగత గ్రహములను తలపించును. 'బూగీ-వూగీ'లో ఎడమచేయి ఆవృత్తమునకు ఎనిమిది స్వరముల చొప్పున ఒకే వరుసను విడువక త్రిప్పుచుండును.

పానశాలలలో పుట్టి పెరిగిన ఇట్టి నడకలను భక్తిగీతముల క్రిందికి తెచ్చి నిలిపినవారిలో టెక్సాస్ రాష్ట్రమునకు చెందిన అంధురాలు అరిజోనా డ్రేన్స్ ప్రథమగణ్య. 1926లో షికాగోలో ఆమె ఇచ్చిన రికార్డులలో ప్రార్థనయు నృత్యలయయు విడదీయరానట్లు కలిసిపోయినవి. భక్తిగీతగాయని మహాలియా జాక్సన్‌కు ఏండ్ల తరబడి తోడు వాయించిన మిల్డ్రెడ్ ఫాల్స్, ఒక్కొక్క దెబ్బను తిశ్రగతివలె మూడుగా విభజించి, గాయని ఊపిరి తీసికొను వ్యవధిని కుడిచేతి సమాధానముతో నింపెడిది. మహాలియా పదమును ఎంత సాగదీసినను తాళము చెదరకుండుటకు ఆ ఎడమచేతి స్థైర్యమే ఆధారము. మిల్డ్రెడ్ పేరు నేటికిని కొలదిమందికే తెలియును.

ఈ పరంపరలో నేను అగ్రాసనమిచ్చునది మేరీ లూ విలియమ్స్‌కు. 1910లో అట్లాంటాలో జన్మించి, పిట్స్‌బర్గ్‌లో పెరిగి, పసితనముననే తల్లి ఒడిలో నుండి మీటలు తడవిన ఈమె, కాన్సస్ సిటీలో ఆండీ కర్క్ బృందమునకు పియానో వాయించుటయే గాక, అందలి వాద్యములకు దేనికి తగిన పాఠమును దానికి కూర్చి వ్రాసెడిది. 1937లో బెన్నీ గుడ్‌మన్ బృందమునకు వ్రాసి యిచ్చిన 'రోల్ ఎమ్'లో, ఒక్క ఎడమచేతి సొత్తయిన బూగీ-వూగీ ఊపును బృందమంతటికిని పంచి యిచ్చెను. 1940లలో హార్లెమ్‌లోని ఆమె యింట థెలోనియస్ మంక్, బడ్ పవెల్ వంటి యువకులు చేరి, నూతనమైన కార్డుల కూర్పులను ఆమెకు వినిపించి, ఆమె మాటను పాటించుచుండిరి. తన తరమువారు పెక్కుమంది నిరసించిన బీబాప్ అను ఆ కొత్త జాజ్ పద్ధతిని ఆమె ఆదరించి, తానును అభ్యసించెను. పురుషునివలె వాయించునని ఆమెను మెచ్చుకొనిన వారు కలరు. ఆ మెప్పులోని కొరత నన్నెంతయో నొప్పించును. ఆ పురుషులలో ఎందరో ఆమెవద్ద నేర్చినవారే గదా! 1977 మొదలు 1981లో మరణించువరకు ఆమె డ్యూక్ విశ్వవిద్యాలయమున బోధించెను.

తరువాతి తరములకు ఈ విద్య చర్చి నుండియే సంక్రమించెను. గాయని అరీతా ఫ్రాంక్లిన్ 1967లో అలబామాలోని మసిల్ షోల్స్ స్టూడియోలో తానే పియానో చెంత కూర్చుండినప్పుడు, వాద్యకారులు ఆమె చేతుల ననుసరించి తమ పాఠములను దిద్దుకొనిరి. గాయనియు పియానో విదుషియునైన నీనా సిమోన్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకర్త బాఖ్ రచనల అల్లికను జాజ్ పాట నడుమకు తెచ్చెను.

వీరిలో మనకు దగ్గర చుట్టరికముగలది జాజ్ పియానో విదుషి ఆలిస్ కోల్ట్రేన్. డెట్రాయిట్ చర్చిలలో వాయించి పెరిగిన ఈమె సత్యసాయిబాబా భక్తురాలై, తురీయసంగీతానంద యను నామము ధరించి, కాలిఫోర్నియాలో ఆశ్రమము నెలకొల్పి, సంస్కృత నామావళులను పాడించి 1980లలో క్యాసెట్లుగా వెలువరించెను. పుట్టపర్తి భజనల నెరిగిన తెలుగువారు వానిని వినవలెను. నామములు మనవే, వాని క్రింద సాగు కార్డుల వరుస మాత్రము డెట్రాయిట్ చర్చిలోనిది.