ఆఖరి పందెం ఏది?

మా ఇంట్లో ఆదివారం సాయంత్రాలు జరిగే యుద్ధం గురించి మీకు చెప్పాలి. ఆస్తి తగాదా కాదు, పెట్టుపోతల పేచీ అంతకన్నా కాదు. మా తమ్ముడికీ, మా అల్లుడుగారికీ మధ్య కారు పందేల గొడవ! ఇద్దరూ హాల్లో చేరారంటే చాలు, మాట ఎక్కడ మొదలైనా చివరికి మైకేల్ షూమాకర్ దగ్గరికొచ్చి ఆగుతుంది. అతని ఆఖరి పందెం ఏది? దాన్ని బట్టి అతన్ని ఎంతటివాడనాలి? ఇదీ తగువు.

మొదట్లో నేను గోంగూర వలుచుకుంటూ విననట్టే కూచునేదాన్ని. కానీ ప్లీడరుగారి భార్యకి సెక్షన్లు వచ్చేసినట్టు, ఏళ్ళ తరబడి వినీ వినీ నాకూ చుట్లూ, పాయింట్లూ వంటబట్టాయి. పుస్తకం చదవకుండా విమర్శించేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. అంచేత తీర్పు చెప్పే ముందు ఆ పందేలు రెండూ మా అల్లుడుగారి చేత పెట్టించుకుని మొదట్నించీ చివరిదాకా చూశాను. నవ్వకండి మరి.

ఒక మనిషికి రెండు ఆఖరి పందేలేమిటంటారా? అక్కడే ఉంది తిరకాసు. షూమాకర్ 2006లో ఒకసారి రిటైరయ్యాడు. మూడేళ్ళు ఖాళీగా ఉండి, 2010లో నలభై ఒకటో ఏట మళ్ళీ వచ్చాడు. 2012లో రెండోసారి సెలవు తీసుకున్నాడు. చిత్రం చూడండి, రెండు సెలవులూ బ్రెజిల్‌లోనే, సావోపాలో నగరంలో ఇంటర్లాగోస్ అనే ఒకే బాట మీద.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. షూమాకర్ జర్మనీ వాడు. తండ్రి తాపీపని చేసేవాడు. కెర్పెన్ అనే ఊళ్ళో పిల్లల బుల్లికార్ల పందేల మైదానం కూడా చూసుకునేవాడు. తల్లి అక్కడి క్యాంటీన్ నడిపేది. అంత మామూలు ఇంట్లో పుట్టినవాడు ఏడుసార్లు ప్రపంచ చాంపియనయ్యాడు. 1994, 1995లలో బెనెటన్ జట్టుకి, ఆ తర్వాత 2000 నుంచి 2004 దాకా వరసగా అయిదేళ్ళు ఇటలీ వాళ్ళ ఫెరారీకి. ఫెరారీ డ్రైవరు చాంపియనై అప్పటికి ఇరవయ్యొక్క ఏళ్ళయింది. 1979 తర్వాత మళ్ళీ 2000లోనే ఆ ముచ్చట. మొత్తం మీద 91 గెలుపులు.

ఇక మా తమ్ముడి పక్షం వినండి. వాడికి షూమాకర్ ఆఖరి పందెం 2006 అక్టోబరు 22దే. ఆ తర్వాతది వాడి లెక్కలో లేనే లేదు. ఆ రోజుకి స్పెయిన్ కుర్రాడు అలొన్సో పది పాయింట్లు ముందున్నాడు. షూమాకర్ చాంపియన్ కావాలంటే తను గెలవాలి, అలొన్సోకి ఒక్క పాయింటూ రాకూడదు. అంటే ఆశ లేనట్టే. అంతకు రెండు వారాల ముందు జపాన్‌లో, ముందు నడుస్తుండగా ఇంజను పొగలు కక్కి ఆ ఆశ కాస్తా అక్కడే పోయింది. ఇక్కడ ముందురోజు వరసలు తేల్చే పరీక్షలో కారు మొరాయించి పదో చోటుకి తోసింది. సరే, పందెం మొదలయింది. ఒక్కొక్కణ్ణే దాటుకుంటూ వస్తూ, ఫిసికెల్లాని దాటబోయాడు. అతని కారు ముందు రెక్క ఇతని వెనక టైరుకి తగిలింది. పంక్చర్! కుంటుకుంటూ వెళ్ళి చక్రాలు మార్పించుకుని వచ్చేసరికి అందరికన్నా వెనక, నిమిషానికి పైగా దూరంలో ఉన్నాడు.

ఇంకొకరైతే ఏం చేసేవారు? చెయ్యూపుతూ నింపాదిగా నడిపి ముగించేవారు. ఎలాగూ ఆఖరి రోజు, చేతిలో ఏడు కిరీటాలు, ఎవరూ ఏమీ అనరు. ఈ మనిషి మాత్రం మొదట్నించి మొదలుపెట్టాడు. పొద్దున్నించీ చేసిన వంటంతా ఒలికిపోతే కొంగు బిగించి మళ్ళీ పొయ్యి వెలిగించే ఇల్లాల్లా. ఒకణ్ణి, ఇంకొకణ్ణి, మరొకణ్ణి దాటుకుంటూ వచ్చాడు. ఆ ఫిసికెల్లా కూడా తరుముకొస్తున్న వేడికి తట్టుకోలేక గడ్డిలోకి దిగిపోయాడు. ఆఖరి చుట్లలో రైకొనెన్ అడ్డం వచ్చాడు. వచ్చే ఏడు ఫెరారీలో ఇతని కుర్చీలో కూచోబోయేవాడు అతనే! గోడకీ, ఆ కారుకీ మధ్య సందు చూసుకుని దూరి అతన్నీ దాటేశాడు. నాలుగోవాడిగా ముగించాడు. మొత్తం పందెంలో అతి వేగమైన చుట్టు కూడా అతనిదే. గెలిచింది అతని జట్టు కుర్రాడే, బ్రెజిల్ వాడైన మస్సా. చాంపియన్ అలొన్సో. “నాలుగో స్థానమైనా గెలుపు కన్నా గొప్పదే అక్కయ్యా” అంటాడు మా తమ్ముడు. ఆ మాటొచ్చేసరికి ప్రతిసారీ వాడి గొంతు మారిపోతుంది.

అల్లుడుగారు ఊరుకుంటారా? “అలా ముగిస్తే బాగానే ఉండేది అత్తయ్యగారూ. మళ్ళీ ఎందుకొచ్చినట్టు?” అంటారాయన. మెర్సిడెస్‌లో మూడేళ్ళు. ఒక్క గెలుపు లేదు. బహుమతి మెట్టు ఎక్కింది ఒకేసారి, 2012లో వలెన్సియాలో, అదీ మూడోవాడిగా. 2010లో హంగరీలో తన పాత సహచరుడు బారికెల్లోని గోడకేసి నొక్కినంత పని చేసి శిక్ష వేయించుకున్నాడు. 2012 నవంబరు 25న అసలైన ఆఖరి పందెంలో వచ్చింది ఏడో స్థానం. “పట్టుచీర మీద చేజేతులా నూనె మరక వేసుకున్నట్టు కాదా?” అని ఆయన ప్రశ్న.

ఇద్దరూ చాలరన్నట్టు ఈమధ్య మూడో లాయరొకతె తయారయింది. ఎదురింటి అమ్మాయి, ఇంజనీరింగు చదువుతోంది. హామిల్టన్ అభిమాని. “91 గెలుపుల లెక్క 2020లోనే మావాడు దాటేశాడు, ఏడు చాంపియన్‌షిప్పులూ అదే ఏడు సమానం చేశాడు. రికార్డులు పోయాక మీవాడికి మిగిలేదేమిటి పిన్నిగారూ, చేసిన పాడుపనులే” అంటుంది. చిట్టా విప్పితే చెవులు మూసుకోవాలి. 1994లో అడిలైడ్‌లో డేమన్ హిల్‌తో గుద్దుకుని ఇద్దరూ ఆగిపోతే, ఒకే ఒక్క పాయింటు తేడాతో ఇతను చాంపియన్. 1997లో హెరెజ్‌లో విల్‌నవ్ దాటిపోతుంటే అతని మీదికి కారు తిప్పాడు. ఆ ఏడు పట్టికలోంచి పేరే కొట్టేశారు. 2002లో ఆస్ట్రియాలో జట్టు ఆజ్ఞ ప్రకారం బారికెల్లో గీత దగ్గర గెలుపు వదిలిపెడితే, జనం ఛీకొట్టారు. 2006లో మొనాకోలో వరసలు తేల్చే పరీక్షలో ఎవరూ తనకన్నా వేగంగా తిరగకుండా రాస్కాస్ మలుపులో కారు అడ్డంగా ఆపాడని పందెంలో అందరికన్నా వెనక్కి పంపారు.

ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. వెనకేసుకు రావడానికి నేను అతని మేనత్తనీ కాదు.

కానీ ముగ్గురి వాదనా విన్నాక నాకు తట్టిందొకటే. వీళ్ళు ముగ్గురూ కిరాణాకొట్టు పద్దుపుస్తకం ముందేసుకుని కూచున్నారు. ఒకరు జమ చదువుతారు, ఒకరు ఖర్చు చదువుతారు, ఇంకొకరు పాతబాకీలు చదువుతారు. మనిషిని మాత్రం ఎవరూ చదవడం లేదు.

ఆ తప్పులన్నీ ఎప్పుడెప్పుడు జరిగాయో గమనించారా? అడిలైడ్‌లో చాంపియన్‌షిప్పు చేతిదాకా వచ్చి జారిపోబోతోంది. హెరెజ్‌లోనూ అంతే. మొనాకోలో ముందువరస చేజారేలా ఉంది. చేతికందింది జారుతోందంటే ఈ మనిషికి మతి పోతుంది. పిడికిలి విప్పడం రాదు. ఇంటర్లాగోస్‌లో పంక్చరైన క్షణాన ఇక పోగొట్టుకునేందుకు ఏమీ మిగల్లేదు. చేజారాల్సింది జారిపోయింది. అప్పుడు బయటపడ్డాడు అసలు డ్రైవరు. ఎవర్నీ గుద్దలేదు, ఏ మలుపూ మూయలేదు. ఫలం మీద ఆశ లేనప్పుడు అతని పని ఎంత అందంగా ఉంటుందో చూడాలంటే ఆ గంటన్నర చూడాలి. కాని ఒకటుంది. పిడికిలి విప్పలేని ఆ మొండితనం లేకపోతే పంక్చరయ్యాక అలా తిరిగి వచ్చేవాడూ కాదు. పాడుపనీ, గొప్పపనీ ఒకే చెట్టు కాయలు. ఒకటి కోసేసి రెండోది ఉంచమంటే కుదరదు.

2003 ఏప్రిల్లో ఇమోలాలో ఏం జరిగిందో తెలుసుకున్నప్పుడు నాకు మనసు అదోలా అయిపోయింది. పందెం ముందురోజు సాయంత్రం అన్నదమ్ములిద్దరూ తల్లిని చూడ్డానికి జర్మనీ వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చాక ఆవిడ పోయింది. మర్నాడు ఇద్దరూ కార్లెక్కారు. మైకేల్ గెలిచాడు. చేతికి నల్లపట్టీ, మెట్టు మీద తడిసిన కళ్ళు. షాంపేను చల్లుకోలేదు. “అమ్మ పోయిన రోజున పందెమేమిటి!” అని నేనూ ముందు బుగ్గలు నొక్కుకున్నాను. తర్వాత అనిపించింది, ఆ మైదానం క్యాంటీన్లో నిలబడి కొడుకుల్ని పెంచిన తల్లి ఆమె. దుఃఖం వస్తే అతనికి వెళ్ళడానికి తెలిసిన చోటు అదొక్కటే నేమో.

ఇహ మళ్ళీ ఎందుకొచ్చాడన్న అల్లుడుగారి ప్రశ్న. దానికి జవాబు నాకు కారు పందేల్లో దొరకలేదు, మా ఇంట్లోనే దొరికింది.

మావారు రిటైరైన రోజున పూలదండలు, శాలువా, గోడగడియారం, కన్నీళ్ళ ఉపన్యాసాలు, అన్నీ అయ్యాయి. ఆర్నెల్లు తిరక్కుండా ఓ చిన్న ఆఫీసులో లెక్కలు చూడ్డానికి కుదిరారు, తన వయసులో సగం లేని కుర్రాడి కింద. చుట్టాలు గుసగుసలాడారు, ఇంకా ఆశ చావలేదని. నాకూ తలకొట్టేసినట్టయింది. ఓ రోజు టిఫిన్ డబ్బా మర్చిపోతే ఇవ్వడానికి వెళ్ళాను. తలుపు సందులోంచి చూద్దును కదా, పక్కన నిలబడ్డ కుర్రాడికి ఏదో పద్దు వివరిస్తూ పకపకా నవ్వుతున్నారు. ఇంట్లో ఆ ఆర్నెల్లూ నేను ఆ నవ్వు చూసి ఎరగను. డబ్బా బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆ తర్వాత ఎప్పుడూ ఎందుకు వెళ్తున్నారని అడగలేదు.

అందుకే 2012 పందెం నాకు మరక అనిపించలేదు. ఆ రోజు వెట్టెల్ అనే జర్మనీ కుర్రాడు చాంపియన్ అవుతాడా లేదా అని లోకమంతా ఊపిరి బిగబట్టి ఉంది. చిన్నప్పుడు అదే కెర్పెన్‌లో షూమాకర్‌ని దేవుడిలా చూస్తూ బుల్లికార్లు నడిపినవాడు. చివర్లో అతను వెనక నుంచి వస్తే షూమాకర్ పక్కకి జరిగి దారిచ్చాడు. వెట్టెల్ ఆరు, ఇతను ఏడు. చాంపియన్‌షిప్పు ఇతని భిక్షే అనేవాళ్ళున్నారు. నేను వేళ్ళ మీద లెక్క కట్టాను. వెట్టెల్‌కి 281, అలొన్సోకి 278. ఆరుకి ఎనిమిది పాయింట్లు, ఏడుకి ఆరు. దారివ్వకపోయినా 279తో వెట్టెలే నెగ్గేవాడు. కాబట్టి ఇతనిచ్చింది చాంపియన్‌షిప్పు కాదు, దారి. జీవితమంతా దారి ఇవ్వడం చేతకాని మనిషి, ఆఖరి రోజున ఒక చిన్నవాడికి దారిచ్చాడు. తమ్ముడు చెప్పే నాలుగు, అల్లుడుగారు చెప్పే ఏడు, నాకు రెండూ కావాలి. ఒకటి లేకుండా రెండోది అర్థం కాదు.

ఆ తర్వాతి ఏడాది, 2013 డిసెంబరు 29న, ఫ్రాన్స్ మంచుకొండల్లో స్కీయింగ్ చేస్తూ పడి తలకి దెబ్బ తగిలింది. అప్పట్నించీ అతను జనం ముందుకి రాలేదు. 2021లో వచ్చిన ‘షూమాకర్’ డాక్యుమెంటరీ చూశాను. అందులో భార్య కొరిన్నా మాట్లాడుతుంది. అతను ఇప్పుడెలా ఉన్నాడో మాత్రం చూపించరు. తమ సంగతులు తమవేనని, ఇన్నాళ్ళూ అతను మమ్మల్ని కాపాడాడు, ఇప్పుడు మేం అతన్ని కాపాడుకుంటున్నామని ఆవిడ చెప్పింది. సినిమాగా చూస్తే కాస్త ముద్దుచేసిన సినిమాయే. కుటుంబం చేతిలో ఉన్న కథ కనక మా ఎదురింటి అమ్మాయి చిట్టాకి దక్కాల్సినంత చోటు దక్కలేదు. విమర్శకురాలిగా అది లోపమే అంటాను. కానీ ఆ మూసిన తలుపుని లోపమనను. అభిమానులమని చెప్పుకుని లోపలికి తొంగిచూడాలని తహతహలాడేవాళ్ళకి అడగడానికి హక్కేమిటి? ఇంట్లో మంచం పట్టిన మనిషిని పలకరించే నెపంతో వచ్చి వంటిల్లు దాకా చూసిపోయే చుట్టాలు మనకి తెలియనివాళ్ళా?

మొన్న ఆదివారం ఈ మాటలన్నీ ముగ్గురికీ చెప్పాను. తమ్ముడు ఒప్పుకోలేదు. అల్లుడుగారు సగం ఒప్పుకున్నారు. ఎదురింటి అమ్మాయి “హెరెజ్ మాత్రం క్షమించను పిన్నిగారూ” అంది. క్షమించొద్దన్నాను.

ఇన్నేళ్ళూ ఈ గొడవలో నోరు విప్పని మావారు పేపరు మడిచి పక్కన పెట్టారు. “ఆ పంక్చరైన పందెం ఇంకోసారి పెట్టవోయ్” అన్నారు అల్లుడుగారితో.

నేను కాఫీకి నీళ్ళు పడేశాను.